జపాన్ కోట సౌధాన్ని చదవడం – 3వ పాఠం: ఓహిరోమా

గత పాఠంలో క్యోటోలోని నిజో కోట, నినోమారు సౌధం నక్షా గీశాం. ఆరు కట్టడాలు బాతుల బారులా ఏటవాలుగా పక్కకు జరుగుతూ పోతాయని చూశాం. ఈసారి జపాన్ సైనిక పాలకుడైన షోగున్ కొలువుతీరే ఓహిరోమాలోకి వెళ్దాం. లోపల ఫొటోలు తీయనివ్వరు. అందుకని ఏది ముందు, ఏది తర్వాత చూడాలో ఇంట్లోనే సాధన చేయాలి.

కొత్తవాళ్ళ కళ్ళు నేరుగా గోడలపై బంగారు నేపథ్యంలో గీసిన పైన్ చెట్ల మీదికి పోతాయి. అలా మొదలుపెడితే గది అర్థం కాదు. ముందు నేల చూడండి. ఒకటో గదిలో 48 తాతామీలు (నేలపై పరిచే గడ్డి చాపలు) పడతాయి, రెండోదానిలో 44. ఒకటో గది నేల ఒక మెట్టు ఎత్తు: షోగున్ అక్కడ, ప్రభువులు కింద. ఆ తర్వాత తల ఎత్తండి. షోగున్ గదికి పైన, గళ్ళ కప్పు అంచుల దగ్గర వంపు తిరిగి రెండంచెలుగా లేస్తుంది. హోదా చెప్పేది ఈ రెండే. బొమ్మలు దాన్ని బలపరుస్తాయి.

ఇక గోడలు. ఎదురుగా తొకొనోమా, అంటే చిత్రపటాలు, పూలు అలంకరించే గూడు, పక్కన ఎత్తుపల్లాల అరలు. వరండా వైపు రాతబల్ల గూడు, దానికి ఎదుటి వైపు కుచ్చులు వేలాడే అలంకార తలుపులు. ఈ నాలుగూ ఒకేచోట ఉంటే అది షోయిన్ (పాత జపాన్‌లో పెద్దల నివాసాల నిర్మాణ శైలి) పద్ధతిలో అత్యున్నతమైన గది అని రాసుకోండి.

ఇప్పుడు పైన్ చెట్లు. 1626లో చక్రవర్తి రాక కోసం సౌధాన్ని తీర్చిదిద్దినప్పుడు చిత్రకారుడు కానో తన్యూ బృందం వేసినవి. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు కూడా నిండలేదు! గోడకు అడ్డంగా సాగే దూలపట్టీని కొమ్మ లెక్కచేయదు, దాన్ని దాటి పై గోడలోకి పాకుతుంది. పట్టీ దగ్గర చూపు ఆపితే సగం చెట్టే కనిపిస్తుంది. ఇప్పుడక్కడ ఉన్నవి చాలావరకు నకళ్ళు. అసలైనవాటిని కోట ఆవరణలోని ప్రదర్శనశాలలో భద్రపరిచారు.

మూడో గదిలో తలుపులకు పైన, గోడలో అమర్చిన చెక్కడపు జాలీని తొందరపడి దాటకండి. 35 సెం.మీ. మందం హినోకి (జపాన్ సైప్రస్) చెక్క అది. రెండు వైపులా వేర్వేరు బొమ్మలు, ఒక వైపు చూసి రెండోది ఊహించి గీస్తే తప్పు.

అభ్యాసం: గళ్ళ కాగితంపై ఒక్కో చాపకు రెండు గళ్ళు చొప్పున రెండు గదుల వైశాల్యం లెక్కించండి. క్యోటో చాప దాదాపు 191 × 95.5 సెం.మీ. ఒకటో గది సుమారు 87.5, రెండోది 80 చదరపు మీటర్లు రావాలి. మొదటిది 74 దగ్గర తేలితే మీరు టోక్యో చాప కొలత వాడారన్నమాట. వచ్చే పాఠం ఇదే సౌధంలోని మరో కట్టడం, కురోషోయిన్.