పాత బోటు మోటారు మొండికేస్తే ఎక్కడ మొదలుపెట్టాలి

నీటి మధ్యలో మోటారు ఆగిపోతే ముందు లంగరు వెయ్యండి. స్టార్టర్ తాడు సంగతి తర్వాత. భైరవపాలెం దగ్గర, గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే మొగలో నాకు ఇది తెలిసొచ్చింది. పాటు మొదలై నీరు సముద్రంలోకి గుంజుతోంది. నేను తల వంచుకుని తాడు లాగుతూనే ఉన్నాను, ఇరవై సార్లో పాతిక సార్లో. తలెత్తేసరికి ఒడ్డున మడచెట్లు చిన్నవైపోయాయి. "అన్నయ్యా, ముందు లంగరెయ్యి!" అని మా తమ్ముడు అరిచాడు. లంగరు పట్టి పడవ నిలబడ్డాకే నా చేతుల వణుకు తగ్గింది, బుర్ర పనిచేసింది.

మాది 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు, రెండు సిలిండర్లది. నాన్న కొన్నారు. ఒకరోజు ఒక్క లాగుకే అందుకునేది, మర్నాడు భుజం పడిపోయేదాకా లాగినా పలికేది కాదు. అసలు స్టార్ట్ కాని మోటారు కంటే ఇలా ఒకసారి అయ్యి ఒకసారి కానిదాన్ని బాగుచెయ్యడం కష్టం. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ చక్కగా స్టార్ట్ అవుతుంది, రేవుకి వచ్చాక మళ్లీ మొండికేస్తుంది. అందుకే మీకు నేను మొదట చెప్పేది, ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. మోటారు మొండికేసిన ప్రతిసారీ అప్పుడు అది చల్లగా ఉందా, వేడిగా ఉందా, ఎంతసేపు నడిచాక ఆగింది, ఎన్ని రోజులు ఖాళీగా ఉంది అన్నవి రాయండి. పది రోజులు రాస్తే చాలు, లోపం ఎటువైపు ఉందో ఆ పుస్తకంలోనే కనిపిస్తుంది. నేను ఆ పని చెయ్యకుండా ప్లగ్గులు మార్చాను, కార్బొరేటర్ రెండుసార్లు విప్పాను, ప్లగ్గుకి కరెంటు పంపే మంచి కాయిల్ తీసేసి కొత్తది కొన్నాను.

పానా పట్టే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. గేరు న్యూట్రల్లో ఉందా? నడిపేవాళ్లు ఒంటికి తగిలించుకునే ఎర్ర తాడు క్లిప్పు, మోటారుని ఆపే స్టాప్ స్విచ్ కింద సరిగ్గా కూర్చుందా? ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచి ఉందా? పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు మీద బాణం గుర్తు మోటారు వైపు చూపిస్తోందా? ఇవి చిన్నపిల్లల ప్రశ్నల్లా అనిపించవచ్చు. కానీ గాలి స్క్రూ బిగించి మర్చిపోతే మోటారు బాగానే స్టార్ట్ అయ్యి, కాసేపు నడిచి, సరిగ్గా ఏటి మధ్యలో ఆగుతుంది. అప్పుడు బల్బు చూస్తే లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. అలా ఉంటే ట్యాంకు వైపు ఏదో మూసుకుందని అర్థం.

బల్బు నొక్కినా నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి లాగుతోంది, లేదా బల్బు లోపలి వాల్వు పోయింది. కార్బొరేటర్లో ఫ్లోట్ సూది సరిగ్గా మూసుకోకపోయినా అంతే, కాకపోతే అప్పుడు పెట్రోలు కారుతుంది, వాసన కొడుతుంది. మా మోటారు రోగం ఇక్కడే దొరికింది. బల్బు గట్టిపడేది, రెండు నిమిషాల్లో మళ్లీ మెత్తబడేది. మోటారు వైపు కనెక్టర్ చుట్టూ పొడి తెల్లగుడ్డ చుట్టి, బల్బుని గట్టిగా నొక్కి పట్టుకున్నాను. గుడ్డ తీసి చూస్తే అంచున గోరంత తడి మచ్చ, ముక్కు దగ్గర పెడితే పెట్రోలు. కనెక్టర్ లోపల కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు ఓ-రింగు ఎండిపోయి సన్నగా పగిలింది. నొక్కినప్పుడు ఆ సందులోంచే పెట్రోలు బయటికొస్తుంది, మోటారు లాగినప్పుడు గాలి లోపలికెళ్తుంది. కొత్త రింగుకి నాకైన ఖర్చు ఒక టీ ఖర్చు కంటే ఎక్కువేమీ కాదు.

అక్కడ ఏమీ దొరక్కపోతే ప్లగ్గుని అడగాలి. చోక్ వేసి ఏడెనిమిది సార్లు లాగి, వెంటనే ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే పెట్రోలు సిలిండర్‌ దాకా రావడం లేదు, పైపు, పంపు, కార్బొరేటర్ చూడాలి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు (స్పార్క్) లేదు, లేదా పెట్రోలు ఎక్కువైపోయింది. ఎక్కువైతే చోక్ తీసేసి, ప్లగ్గులు తుడిచి బిగించి, న్యూట్రల్లోనే థ్రాటిల్ బాగా తెరిచి లాగండి. అందుకోగానే థ్రాటిల్ తగ్గించెయ్యాలి.

తడి ప్లగ్గు మీద నీటి చుక్కలు కనిపిస్తే కార్బొరేటర్ అడుగు స్క్రూ విప్పి, గిన్నెలో ఉన్నది గాజు గ్లాసులోకి వంపి ఎండలో పెట్టి చూడండి. మంచి పెట్రోలైతే గ్లాసంతా ఒకే రంగు. నీరు చేరితే అడుగున వేరే పొర కడుతుంది, గ్లాసు తిప్పితే గోళీలా దొర్లుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. మన డెల్టాలో తేమకి కొదవేముంది? మన తూర్పు తీరంలో సముద్ర వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. సగం ట్యాంకు పెట్రోలుతో అన్ని రోజులు పాకలో వదిలేసిన మోటారు జూన్ 15 తెల్లవారుజామున ఎలా పలుకుతుంది? నిషేధం మొదలయ్యే రోజున పైపు పీకేసి, నీళ్ల డ్రమ్ములో పెట్టి, కార్బొరేటర్ ఖాళీ అయ్యి దానంతట అది ఆగేదాకా నడపండి. ట్యాంకులో మిగిలింది వేరే వాటికి వాడేయండి.

పెట్రోలులో కలిపే ఆయిల్ విషయంలో పొదుపు వద్దు. 50 వంతుల పెట్రోలుకి 1 వంతు ఆయిల్ అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. మీ మోటారుకి ఏది రాసి ఉంటే అదే కలపండి. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి, అది నీటితో చల్లబడే బోటు మోటార్ల ఆయిల్ గుర్తు. బైకుల టూ స్ట్రోక్ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది, అది వాడితే మన మోటారులో మసి పేరుకుంటుంది.

కిరోసిన్ మీద నడిపేవారికి ఒక్క మాట. ఒడ్డుకి చేరే ముందు పెట్రోలు మీదికి మార్చి కాసేపు నడిపి ఆపండి. కార్బొరేటర్లో కిరోసిన్ మిగిలిపోతే మర్నాడు చల్లటి ఇంజన్ దాన్ని అంటించలేదు.

ఇక నిప్పు. ప్లగ్గుని వైరుకి తగిలించి, దాని ఇనుప ఒళ్లు ఇంజన్‌కి ఆనించి, ప్లగ్గు కన్నానికి దూరంగా పెట్టి లాగాలి. కన్నంలోంచి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది, జాగ్రత్త. స్పార్క్ టెస్టర్ ఉంటే ఇంకా నయం. నీలంగా, టప్‌మని పడితే మంచిది. పసుపుగా, నీరసంగా ఉంటే అనుమానించాలి. ఒక సిలిండర్‌కే నిప్పు లేకపోతే రెండు ప్లగ్గులూ అటూ ఇటూ మార్చండి. లోపం ప్లగ్గుతో పాటు వెళ్తే ప్లగ్గుదే, అక్కడే ఉంటే వైరుదో కాయిల్‌దో.

రెండింటికీ నిప్పు లేకపోతే కాయిల్ కొనడానికి పరుగెత్తకండి. స్టాప్ స్విచ్ నుంచి వచ్చే వైరు ఒకసారి విడదీసి చూడండి. ఉప్పుగాలికి ఆ స్విచ్ లోపల చిలుము పట్టి, ఎవరూ నొక్కకుండానే మోటారుని ఆపుతూ ఉంటుంది. వైరు తీయగానే నిప్పు వస్తే దొంగ దొరికినట్టే. అయితే అది తీసి ఉండగా స్విచ్ నొక్కినా మోటారు ఆగదు. చోక్ లాగో, పెట్రోలు పైపు పీకో ఆపాలి. పరీక్ష వరకే అలా ఉంచి, కొత్త స్విచ్ వేశాకే ఏట్లోకి దిగండి. ఎర్త్ వైరు బోల్టు కూడా విప్పి గీకి బిగించండి.

చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్ట్ అయ్యి, గంట నడిచాక ఆపితే మళ్లీ పలకని మోటారుకి నిప్పుని అప్పుడే, ఆ వేడి మీదే పరీక్షించాలి. కాయిల్, నిప్పు సమయానికి పడేలా చూసే సీడీఐ పెట్టె లాంటివి వేడెక్కితే మొరాయించి, చల్లారాక మామూలైపోతాయి. ఇంటికొచ్చి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. నేను చెప్పిన పుస్తకం ఇక్కడ బాగా పనికొస్తుంది.

పెట్రోలూ నిప్పూ రెండూ ఉండి కూడా పలకకపోతే కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూడాలి. రెండు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజి పెట్టి నాలుగైదు సార్లు లాగండి. రెండు సిలిండర్ల అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువగా ఉంటే పిస్టన్ రింగుల పనో గాస్కెట్ పనో ఉంది, అది మెకానిక్‌కే వదిలెయ్యండి.

కార్బొరేటర్ విప్పాల్సే వస్తే ఒడ్డున, పళ్లెంలో దుప్పటి గుడ్డ పరిచి విప్పండి. ప్రతి మెట్టుకీ ఫోన్లో ఫొటో తీసుకోండి. ఐడిల్ స్క్రూ తీసేముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి రాసుకోండి. పెట్రోలు సన్నగా వచ్చే జెట్ కన్నంలో సూది పెట్టొద్దు, కన్నం పెద్దదైతే ఆ జెట్ పోయినట్టే. క్లీనర్ కొట్టి గాలి ఊదండి, ఎండకి ఎత్తి పట్టి చూడండి. కన్నం గుండ్రంగా, వెలుగు చుక్కలా కనిపించేదాకా ఓపిక పట్టాలి. మా మేనమామ చెయ్యి పట్టుకుని నేర్పింది ఇదే: "ఒరే, వెలుగు కనపడ్డాక ఇంకోసారి ఊదు."

స్టార్ట్ అయ్యాక పక్కనుంచి నీళ్ల ధార వస్తోందా అని చూడండి. వరదలప్పుడు ఎర్రనీటి మట్టి, ఇంజన్‌ చల్లబడేందుకు నీళ్లు తోడే ఇంపెల్లర్‌ని అరగదీస్తుంది, గుర్రపుడెక్క నీటి దారిని మూసేస్తుంది. ధార లేకపోతే వెంటనే ఆపండి. మొగ నుంచి తిరిగొచ్చిన ప్రతి రోజూ మంచినీళ్ల డ్రమ్ములో పది నిమిషాలు నడపండి. మేం మా రేవులో పాత నీలం డ్రమ్ము ఒకటి దీనికోసమే ఉంచాం. వలలు దించే లోపే మా తమ్ముడు మోటారుని అందులో దింపేస్తాడు.