పోనీకి ఫ్లై రగ్: భుజాలు ఒరుసుకుపోకుండా

ఎండాకాలం ఈగలు, జోరీగలు వాలకుండా పోనీకి (పొట్టి జాతి గుర్రానికి) ఫ్లై రగ్, అంటే ఒంటి మీద కప్పే వల గుడ్డ వేస్తే, అది ఒరుసుకుని కొన్నాళ్లకే భుజాల దగ్గర వెంట్రుకలు ఊడి చర్మం బయటపడొచ్చు. షెట్లాండ్ లాంటి పొట్టి జాతులకు వీపు చిన్నది, ఛాతీ వెడల్పు. అందుకే పొడవు సరిపోయిన రగ్గు కూడా ముందు బిగుసుకుంటుంది.

కొలత ఛాతీ మధ్య నుంచి పక్క మీదుగా పిరుదు చివరిదాకా తీసుకోండి. తర్వాత శాటిన్ లైనింగ్ గుడ్డలో 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పున్న ముక్కలు రెండు కత్తిరించి, మెరిసే వైపు ఒంటికి తగిలేలా రగ్గు లోపల భుజాల చోట కుట్టండి. కుట్టు అంచుల మీదే పడాలి. మధ్యలో వేస్తే వల ముడతపడి ఆ ముడతే గీరుతుంది. పొట్ట పట్టీ కింద అరచెయ్యి అడ్డంగా పట్టేంత సందు చాలు, అంతకన్నా వదులైతే పడుకుని లేచేటప్పుడు గిట్ట ఇరుక్కుంటుంది. రోజూ ఒకసారి విప్పి చర్మం తడిమి చూడండి, పాపం నోరులేని జీవం.

మామూలు వల ఈగల వరకే. జూలు, తోక మొదలు పుండు పడేలా రుద్దుకుంటుంటే అది మిడ్జీల (నలుసంత ఉండి కుట్టే దోమలాంటి పురుగుల) పని అయ్యుండొచ్చు. వాటికి మరీ సన్నని వలతో మెడ, పొట్ట కూడా కప్పే రగ్గు కావాలి, తెల్లవారుజామున, సాయంత్రం పోనీని షెడ్డులో ఉంచాలి.