పవిత్ర పోర్టల్ పాఠాలు – 4: ప్రాధాన్యక్రమం లాక్ చేసే ముందు

పోయిన పాఠంలో పవిత్ర పోర్టల్ (మహారాష్ట్రలో టీచర్ల నియామకాలు జరిగే ప్రభుత్వ వెబ్‌సైటు)లో స్వప్రమాణపత్రం నింపడం పూర్తయింది. టెయిట్‌లో (టీచరు ఎంపిక పరీక్షలో) 200కు ఎన్ని వచ్చాయో అందులో చేరిపోయింది, దాన్ని ఇక మార్చలేం. మన చేతిలో మిగిలింది ప్రాధాన్యక్రమం ఒక్కటే, అంటే ఎవరి దగ్గర ఉద్యోగం ముందు కావాలో, ఎవరి దగ్గర తర్వాతో మనం పెట్టే వరుస.

మన సరిహద్దు జిల్లాల్లో చాలామంది ఇక్కడే పొరబడతారు. సిరోంచాలోనో రాజురాలోనో ఇంటికి దగ్గరగా బడి దొరుకుతుందని గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లా పరిషత్తులను కళ్లు మూసుకుని పైన పెట్టేస్తారు. కానీ ఆ జాబితాలో బడి పేరు ఉండదు, యజమాని పేరే ఉంటుంది: జిల్లా పరిషత్ (జిప), మహానగరపాలిక (మనపా), నగరపరిషత్, అనుదానిత (ప్రభుత్వ సాయం అందే) సంస్థ. ఏ బడి అన్నది ఎంపికయ్యాక జిపలో అయితే సముపదేశన్‌లో (కౌన్సెలింగులో), మనపాలో అయితే విద్యా విభాగం ఇచ్చే ఆదేశంలో తేలుతుంది. గడ్చిరోలి జిపకు 12 తాలూకాలున్నాయి. సిరోంచా దక్షిణపు కొస, కోర్చీ ఉత్తరపు కొస. మీరు సిరోంచా అనుకుని లాక్ చేస్తారు, ఆర్డరు కోర్చీకి రావచ్చు. చంద్రపూర్ మనపా, నాందేడ్-వాఘాళా మనపాల్లో ఆ భయం లేదు, ఎక్కడ వేసినా నగరం దాటరు. అయితే అక్కడ పోస్టులు తక్కువ. ఎందుకు తక్కువో తెలియాలంటే సంచ్‌మాన్యత చదవడం రావాలి.

సంచ్‌మాన్యత అంటే ఒక్కో బడికి ఎన్ని టీచరు పోస్టులో తేల్చే మంజూరు పత్రం. దానికి సెప్టెంబరు 30 నాటి పిల్లల సంఖ్యే ఆధారం. విద్యాహక్కు చట్టం ప్రకారం 1–5 తరగతులకు 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61–90కి ముగ్గురు, 91–120కి నలుగురు, 121–200కి అయిదుగురు. 150 దాటితే ప్రధానోపాధ్యాయుడు అదనం. 6–8 తరగతుల్లో 35 మందికి ఒకరు. గణితం-విజ్ఞానం, సామాజికం, భాషలకు కనీసం ఒక్కొక్కరు ఉండాలి. మహారాష్ట్ర ఈ లెక్కను 2024 మార్చి 15 ప్రభుత్వ ఉత్తర్వు(జీఆర్)తో బిగించింది: ఉన్న పోస్టు నిలవడానికి ఒక సంఖ్య, కొత్త పోస్టు రావడానికి అంతకంటే పెద్ద సంఖ్య.

లెక్క తప్పేది ఎక్కువగా ఆధార్ దగ్గర. ఒక బడి హాజరుపట్టీలో 124 మంది ఉన్నారనుకోండి. అయిదుగురి ఆధార్ సరిపోలలేదు, అంటే లెక్కకు వచ్చేది 119. అయిదో పోస్టు పోయి, అక్కడ పనిచేస్తున్న ఒకరు ‘అతిరిక్త్’ (మిగులు) అయిపోతారు. ఆ అతిరిక్త్ టీచరును అదే యజమాని కింద ఖాళీ ఉన్న మరో బడిలో కూర్చోబెట్టడమే సమాయోజన్. నగరంలో ఇంగ్లీషు బళ్ల వైపు పిల్లలు జారిపోయే కొద్దీ అతిరిక్త్‌లు పెరుగుతారు, ఖాళీలన్నీ వాళ్లకే సరిపోతాయి. కొత్తవాళ్లకు వచ్చేది ఆ పంక్తి లేచాక మిగిలిన విస్తరే.

మిగిలిన ఖాళీలు ఎవరెవరికి అన్నది బిందునామావళి (ఏ పోస్టు ఏ రిజర్వేషను వర్గానికో చూపే రోస్టరు) చెబుతుంది. దీన్ని విభాగీయ ఆయుక్త కార్యాలయంలోని మాగాస్‌వర్గ కక్ష (వెనుకబడిన వర్గాల విభాగం) తనిఖీ చేస్తుంది. నాందేడ్‌కు ఛత్రపతి సంభాజీనగర్, చంద్రపూర్, గడ్చిరోలిలకు నాగపూర్. బిందువులు (ఆ రోస్టరులోని స్థానాలు) బడివారీగా ఉండవు, యజమాని మొత్తానికి నడుస్తాయి. మన పద్మశాలీలు వచ్చే విశేష మాగాస్ ప్రవర్గానికి (ప్రత్యేక వెనుకబడిన వర్గానికి) 2 శాతం, అంటే 50 పోస్టులకు ఒకటి. 20 పోస్టుల మనపా ప్రకటనలో ఆ గడి చాలావరకు సున్నాయే. అందుకే జాబితాలో పేరు చూసి మురిసిపోకుండా మీ ప్రవర్గం గడిలో అంకె చూడండి.

ఇంకో గోతి. ఆదిలాబాద్, నిజామాబాద్ నుంచి ఇటు కోడళ్లుగా వచ్చినవాళ్లకు కులపత్రం పుట్టింటి రాష్ట్రానిది. ఇక్కడి రిజర్వేషనుకు అది చెల్లదు, అత్తింటి కులంతో కొత్తది పుట్టదు. ఖులా (ఓపెన్) ప్రవర్గంలోనే లెక్కించుకోండి. తీరా పత్రాల తనిఖీలో తెలిస్తే ఎంపికే పోతుంది.

మాధ్యమం సంగతి చిన్నదే: పదో తరగతి, డి.ఎడ్. ఏ భాషలో చదివారో దాన్నిబట్టే మరాఠీ, ఉర్దూ, ఇంగ్లీషు పోస్టులు కనిపిస్తాయి. ఒంటి బి.ఎడ్.తో 1–5 పోస్టు రాదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ దారి మూసింది.

ఇప్పుడు వరుస పెట్టే పద్ధతి. జాబితా జనరేట్ చేసి కాగితం మీద ఎత్తి రాయండి. మీ ప్రవర్గం అంకె సున్నా ఉన్నచోట్ల ఖులా పోస్టులకు మీ మార్కులు ఆనతాయా చూడండి. ఆనకపోయినా కొట్టేయకండి, కిందికి దించండి చాలు. తర్వాత ఒక్కో యజమాని దగ్గర ‘ఇక్కడ అతి దూరపు బడి వచ్చినా చేరతానా’ అని మిమ్మల్ని మీరే అడగండి. చేరను అనిపిస్తే అది పైన ఉండకూడదు. ములాఖత్ (ఇంటర్వ్యూ) ఉన్న సంస్థలను వేరే కాగితం మీద పెట్టండి. అక్కడ ఆఖరి మాట టెయిట్ మార్కులది కాదు, సంస్థది. పెసా (షెడ్యూల్డ్ ప్రాంతపు) గ్రామాల పోస్టుల లెక్క వేరు, దానికో పాఠం ఉంది.

చివరగా లాక్. వరుస పెట్టి లాక్ మరిచినవాళ్లను పోర్టల్ లెక్కలోకి తీసుకోదు. లాక్ చేశాక ప్రింటు తీసి దాచండి. ఎంపికైతే రుజూ అయ్యాక (చేరాక) మూడేళ్లు శిక్షణ సేవక్‌గా మానధనమే (గౌరవ వేతనమే): 2023 జనవరి 1 నుంచి ప్రాథమికానికి నెలకు 16,000, మాధ్యమికానికి 18,000. నగరంలో గది అద్దె పోను ఏం మిగులుతుందో కూడా ఆ కాగితం అంచున రాసుకోండి.

అభ్యాసం: మీకు దగ్గరి మనపా బడి 11 అంకెల యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ఉండే గుర్తింపు సంఖ్య) పట్టుకోండి. మొదటి రెండంకెలు 27 ఉంటే మహారాష్ట్రదే. 1–5లో పిల్లలెందరో, టీచర్లెందరో రాసి, చట్టం లెక్కతో సరిచూడండి. బడి దొరక్కపోతే ఈ లెక్క చేయండి: పట్టీలో 93 మంది, ఆధార్ సరిపోలనివారు ముగ్గురు, టీచర్లు నలుగురు. ఆ బడికి కొత్తవాళ్లు వస్తారా? జవాబు అయిదో పాఠం మొదట్లో.