చవితి సైట్‌కి లాగిన్ పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

వినాయక చవితికి నెల రోజుల ముందు నుంచే మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కమిటీ మీటింగులు మొదలవుతాయి. చందాల లెక్క, ప్రసాదాల వంతులు, లడ్డూ వేలం అన్నీ ఒకేచోట ఉండేలా నేను సైట్ చేసి పెడతానని ఎవరో ఒక కుర్రాడు ముందుకొస్తాడు. మంచి పనే, చేయండి. కాకపోతే దానికి పాస్‌వర్డ్ లాగిన్ పెడుతుంటే ఇది చదివాకే కోడ్ మొదలుపెట్టండి.

రెండేళ్ల కింద మా అపార్ట్‌మెంట్ సైట్‌లో పాస్‌వర్డ్‌లు ఎలా కొడితే అలాగే టేబుల్‌లో దాచారు. చందా లిస్టు వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు ఆ కాలమ్ కూడా వెళ్లిపోయింది. మా పై ఫ్లోర్ ఆంటీకి ఈమెయిల్‌కీ అదే పాస్‌వర్డ్. ఆ రాత్రి ఒక్కో ఫ్లాటు బెల్ కొట్టి, పెద్దవాళ్ల పక్కన కూర్చుని పాస్‌వర్డ్‌లు మార్పించాం, ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

అన్నిటికంటే ముందు, లాగిన్ కోడ్ సొంతంగా రాయకండి. జాంగో, లారావెల్ లాంటి ఫ్రేమ్‌వర్క్‌లలో (సైట్ కట్టడానికి సిద్ధంగా దొరికే పునాది కోడ్) ఏళ్లుగా నలిగిన కోడ్ ఉంది, అది వాడుకోండి. పాస్‌వర్డ్‌ని ఎన్‌క్రిప్ట్ చేయడం కాదు, హ్యాష్ చేయాలి, అంటే వెనక్కి తిప్పలేని గజిబిజి అక్షరాలుగా మార్చాలి, ఎందుకంటే ఎన్‌క్రిప్ట్ చేస్తే కీ దొరికినవాడికి అన్నీ దొరికినట్టే. హ్యాష్ అన్నాం కదా అని ఎండీ5, షా-256 లాంటి పద్ధతులు వాడకండి. అవి వేగంగా పనిచేయడానికి పుట్టినవి, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే సెకనుకి కోట్ల పాస్‌వర్డ్‌లు ప్రయత్నించి చూడొచ్చు. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి బయటికొచ్చినవి సాల్ట్ (ఒక్కో పాస్‌వర్డ్‌కి విడివిడిగా కలిపే ఊహించలేని అక్షరాలు) కూడా లేని షా-1 హ్యాష్‌లు, వాటిలో చాలావరకు కొద్ది రోజుల్లోనే విప్పేశారు. పాస్‌వర్డ్‌ల కోసమే చేసిన ఆర్గాన్2ఐడీ గానీ బీక్రిప్ట్ గానీ వాడండి, ఇవి కావాలనే నెమ్మదిగా నడుస్తాయి, సాల్ట్ కూడా అవే కలుపుకుంటాయి.

బీక్రిప్ట్‌తో మన తెలుగువాళ్లు చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అది 72 బైట్ల వరకే చూస్తుంది. కంప్యూటర్ అక్షరాలని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికే కాదు, ప్రతి గుణింతం గుర్తుకీ పొల్లుకీ విడిగా 3 బైట్లు పడతాయి, అంటే ‘హైదరాబాద్’ ఒక్కదానికే 27 అయిపోతాయి. ఎవరైనా ఇష్టమైన పద్యపాదం పెట్టుకుంటే సగంలోనే తెగిపోవచ్చు, కొన్ని లైబ్రరీలు ఆ మాట చెప్పకుండానే కోసేస్తాయి. పైగా ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక గుర్తుగానూ రాయొచ్చు, రెండు గుర్తులుగానూ రాయొచ్చు. కంటికి ఒకేలా కనిపిస్తుంది గానీ హ్యాష్ మారిపోతుంది, పాపం ఆ మనిషి సరైన పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి రాలేరు. అందుకే హ్యాష్ చేసే ముందు ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ఇలాంటి అక్షరాలని ఎప్పుడూ ఒకేలా రాసే యూనికోడ్ పద్ధతి) మార్చండి, పొడవు ఎక్కువైతే తిరస్కరించి ఎందుకో చెప్పండి.

ఒక క్యాపిటల్, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలనే రూల్ పెట్టకండి, పెడితే అందరూ పేరు పక్కన @123 తగిలిస్తారు. దానికంటే పొడవు అడగడం, ఇప్పటికే లీకైన పాస్‌వర్డ్‌లని ఒప్పుకోకపోవడం మేలు.

తప్పు ప్రయత్నాలకి లిమిట్ పెట్టండి, కానీ ఐపీ అడ్రస్ ఒక్కటే చూసి బ్లాక్ చేయకండి. క్లబ్‌హౌస్ వైఫైలో ఉన్నవాళ్లందరూ బయటికి ఒకే అడ్రస్‌తో కనిపిస్తారు, ఒకాయన ఐదుసార్లు తప్పు కొడితే వేలం మధ్యలో అందరూ ఆగిపోతారు. అకౌంట్‌ని బట్టి కూడా లెక్కపెట్టి, కాసేపు ఆపి మళ్లీ రానివ్వండి.

ఎక్కువమంది వదిలేసేది పాస్‌వర్డ్ మర్చిపోయినప్పటి దారి. రీసెట్ లింక్ ఊహించలేనిదై ఉండాలి, ఒక్కసారే పనిచేయాలి, అరగంటలో చెల్లిపోవాలి. పాస్‌వర్డ్ మారగానే పాత సెషన్లన్నీ, అంటే అప్పటికే తెరిచి ఉన్న లాగిన్లన్నీ, తెగిపోవాలి. అంతేగానీ ఫోన్ చేసి ఫ్లాట్ నంబర్ చెప్పారు కదా అని అడ్మిన్ కొత్త పాస్‌వర్డ్ చదివి వినిపించడం దయచేసి వద్దు, ఆ నంబర్ వాచ్‌మన్ దగ్గర రిజిస్టర్‌లో కూడా ఉంటుంది.

పాస్‌వర్డ్ దారిలో ఎవరూ చదవకుండా కాపాడే హెచ్‌టీటీపీఎస్ ఉచితంగానే వస్తుంది, అది లేకుండా లింక్ పంచకండి. సర్వర్ రాసుకునే లాగ్ ఫైళ్లలో పాస్‌వర్డ్‌తో సహా లాగిన్ ఫారం మొత్తం పడుతోందేమో ఒకసారి తెరిచి చూడండి.

లింక్ గ్రూపులో పెట్టే ముందురోజు ఒకే పాస్‌వర్డ్‌తో రెండు అకౌంట్లు తెరిచి డేటాబేస్‌లో చూడండి. రెండూ వేర్వేరుగా, చదవడానికి వీల్లేకుండా కనిపించాలి. రెండూ ఒకేలా ఉంటే సాల్ట్ లేనట్టు, మీరు కొట్టిన పాస్‌వర్డే కనిపిస్తే ఈ ఏడాదికి చందాలు పుస్తకంలోనే రాయండి.