ఆన్‌లైన్‌లో కొన్న ఎస్‌ఎస్‌డీ చెప్పినంత వేగం ఇవ్వకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

నల్లగొండలోనో పాలమూరులోనో ఉండి ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగవంతమైన చిప్ డ్రైవ్) కొనదలచినవారు ఇప్పుడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లకుండా, ఫోన్‌లోనే నాలుగైదు మోడళ్లను పక్కపక్కన పెట్టి చూసి ఆర్డర్ పెడుతున్నారు. పార్శిల్ వచ్చాక ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు డ్రైవ్ లోపం వల్ల కాక, ధర పక్కన పెద్ద అక్షరాల్లో వేసిన ఒక్క అంకెను నమ్మడం వల్ల వస్తున్నవే.

సమస్య: సెకనుకు 3,500 ఎంబీ అని చదివి కొన్నది 550 దాటడం లేదు, లేదా అసలు కనిపించడమే లేదు

పేజీలో కనిపించే ఎం.2 అనేది డ్రైవ్ ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలోనే పాత, నెమ్మది పద్ధతైన సాటా డ్రైవ్‌లూ, కొత్త, వేగవంతమైన పద్ధతైన ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లూ రెండూ వస్తాయి. సాటా డ్రైవ్ ఎంత మంచిదైనా సెకనుకు 560 ఎంబీ దగ్గర ఆగుతుంది, కాబట్టి కొన్నది ఏ రకమో ముందుగా పేజీలో సరిచూసుకోవాలి. సాటా మాత్రమే పనిచేసే స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పెడితే కంప్యూటర్ దాన్ని గుర్తించదు. అప్పుడు డ్రైవ్‌ను మార్చుకోవడం తప్ప దారి లేదు గనుక, ఆర్డర్‌కు ముందే ల్యాప్‌టాప్ మోడల్ నంబరుతో కంపెనీ మాన్యువల్ చూడాలి. గుర్తించినా వేగం సగమే వస్తుంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, ట్రాన్స్‌ఫర్ మోడ్ అన్న చోట ఉన్న రెండు అంకెలు చదవండి. మొదటిది ఇప్పుడు నడుస్తున్న వేగం, రెండవది డ్రైవ్‌కు చేతనైన వేగం. అక్కడ 3.0, 4.0 అని వేర్వేరుగా ఉంటే, మీ మదర్‌బోర్డులోని పీసీఐఈ (ఎన్‌వీఎంఈ డ్రైవ్‌ను కంప్యూటర్‌కు కలిపే దారి) మూడో తరానిది, మీరు డబ్బు పెట్టింది నాలుగో తరానికి.

బయోస్‌లో (విండోస్ తెరుచుకోకముందు వచ్చే సెట్టింగుల తెరలో) కనిపించి విండోస్‌లో కనిపించకపోతే మాత్రం కంగారు అవసరం లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇనిషియలైజ్ చేసి ఫార్మాట్ చేస్తే సరిపోతుంది.

సమస్య: కాపీ మొదట పరుగెత్తి, కొంతసేపటికి పాత హార్డ్ డిస్క్ కన్నా నెమ్మదిస్తోంది

పెళ్లి వీడియోలు తీసే స్టూడియోల వారికి ఇది బాగా తెలిసిన బాధ. మెమరీ కార్డుల్లోని ఫుటేజీని ఒక ఎస్‌ఎస్‌డీలోకి దించి, దాన్ని అక్కడి నుంచి ఎడిటింగ్ డ్రైవ్‌కు మార్చేటప్పుడు, విండోస్ చూపే పచ్చని గ్రాఫ్ సెకనుకు 1,500 ఎంబీ దగ్గర సమంగా సాగి, పదుల జీబీలు దాటాక ఒక్కసారిగా 100 దగ్గరకు పడిపోతుంది. చవక డ్రైవ్‌లలో చాలావాటిలో క్యూఎల్‌సీ రకం మెమరీ ఉంటుంది. దానిలో ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు ఇరికించాలి గనుక రాత సహజంగానే నెమ్మది. ఆ నెమ్మది బయటపడకుండా డ్రైవ్‌లో కొంత భాగాన్ని వేగంగా రాసే తాత్కాలిక జాగాగా, అంటే క్యాష్‌గా వాడతారు. మిర్యాలగూడలో రైసు మిల్లు ముందు జాగా ఉన్నంతసేపూ వడ్ల లారీలు వచ్చి నిలుస్తూనే ఉంటాయి, జాగా నిండాక మిల్లు ఆడించినంత వేగంగానే లోపలికి కదులుతాయి. ఇదీ అంతే. పైగా డ్రైవ్ నిండేకొద్దీ ఈ క్యాష్ కూడా కుంచించుకుపోతుంది.

ఇప్పటికే కొన్నవారు పావు వంతు ఖాళీ ఉంచి, పెద్ద ఫైళ్లను విడతలుగా మధ్యలో విరామమిచ్చి కాపీ చేస్తే కొంత మేలు. కొత్తగా కొనేవారు టీఎల్‌సీ (సెల్‌కు మూడు బిట్లే ఉండే మెమరీ) అని స్పష్టంగా రాసినదే తీసుకోవాలి. అమ్మేవారు మెమరీ రకం రాయకుండా దాటవేస్తే, వారంటీ వివరాల్లో టీబీడబ్ల్యూ (డ్రైవ్‌లో మొత్తం ఎన్ని టీబీలు రాసేదాకా వారంటీ ఉంటుందో చెప్పే అంకె) వెతకండి. 1 టీబీ డ్రైవ్‌కు 600 దరిదాపుల్లో ఉంటే టీఎల్‌సీ అని, 200 అటూ ఇటూ ఉంటే క్యూఎల్‌సీ అని చాలావరకు ఊహించవచ్చు. ఆ అంకెను ఆయుష్షుగా చూసి భయపడనక్కరలేదు. రోజుకు 20 జీబీ రాసే ఇంటికి ఏడాదికి 7.3 టీబీయే అవుతుంది కనుక 200 కూడా పాతికేళ్లకు సరిపోతుంది. నా దృష్టిలో దాని అసలు ఉపయోగం, పేజీలో దాచిన సంగతిని బయటపెట్టడమే.

సమస్య: రెట్టింపు వేగమున్నది కొన్నా కంప్యూటర్ తేడా చూపడం లేదు

విండోస్ తెరుచుకోవడం, బ్రౌజర్ రావడం వంటి పనులకు వరుస వేగం (పెద్ద ఫైలును ఏకబిగిన చదివే వేగం) కన్నా చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను చదివే వేగం ముఖ్యం. డ్రైవ్ వేగం కొలిచే క్రిస్టల్ డిస్క్ మార్క్ సాఫ్ట్‌వేర్‌లో చివరి వరుస చూపేది దీన్నే. అక్కడ హార్డ్ డిస్క్‌కు సెకనుకు ఒక ఎంబీ కూడా కష్టమైతే, సాటా ఎస్‌ఎస్‌డీకి 30, 40 ఎంబీ, ఎన్‌వీఎంఈకి 60, 80 ఎంబీ వస్తాయి. అందుకే హార్డ్ డిస్క్‌తో నడుస్తున్న మీసేవ కేంద్రపు కంప్యూటర్‌కు సాధారణ సాటా ఎస్‌ఎస్‌డీ వేసినా కొత్త ప్రాణం వస్తుంది, మూడో తరం నుంచి నాలుగో తరానికి మారినవారికి మాత్రం డబ్బు ఖర్చయిన సంగతే తెలుస్తుంది.

సమస్య: ఎండాకాలంలో మాత్రమే నెమ్మదిస్తోంది

గదే నలభై డిగ్రీలున్నప్పుడు ఎన్‌వీఎంఈ చిప్ 70, 80 డిగ్రీలకు తొందరగా చేరి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. డెస్క్‌టాప్‌కు హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు పలక) అమర్చితే చాలు. ల్యాప్‌టాప్‌కైతే, హీట్‌సింక్ ఉన్న మోడల్ మూత కింద పట్టకపోవచ్చని కొనేముందే చూసుకోండి.

సమస్య: 1 టీబీ కొంటే 931 జీబీయే చూపుతోంది

మోసం కాదు. కంపెనీ వేయితో లెక్కించేదాన్ని విండోస్ 1,024తో లెక్కిస్తుంది.

కానీ అడ్డికి పావుశేరు ధరకు 16 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ అని కనిపిస్తే అది మోసమే. అలాంటి పెట్టెల్లో తరచూ చిన్న మెమరీ కార్డే ఉంటుంది, నిండినదాని మీదే మళ్లీ రాస్తూ పోవడంతో పాత ఫైళ్లు పాడవుతాయి. వాపసు గడువు ముగియకముందే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష సాఫ్ట్‌వేర్‌తో డ్రైవ్ మొత్తం నింపి పరీక్షించండి. మామూలు డ్రైవ్‌కైనా సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో వేసి వారంటీ మన దేశంలో వర్తిస్తుందో లేదో చూడండి. ఇన్‌వాయిస్‌ను ఆ రోజే దించుకుని, ఈ కొత్త డ్రైవ్‌లో కాకుండా వేరే చోట భద్రపరచండి.