అగ్నివీరుడి సెలవులు, ఇంటి మాటలు

నాలుగేళ్ల సైనిక సేవా పథకమైన అగ్నిపథ్ కింద చేరిన అగ్నివీరులకు ఏడాదికి 30 రోజులే వార్షిక సెలవు కనుక, సంక్రాంతికి ఎన్ని రోజులు, అక్క పెళ్లికి ఎన్ని రోజులు అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకుని, యూనిట్‌లో వీలైనంత ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. శిక్షణలో ఫోన్ ఎప్పుడు చేతికొస్తుందో చెప్పలేము. పిలుపు రాకపోతే కంగారు పడవద్దని బయలుదేరే ముందే అమ్మకు నచ్చజెప్పాలి. మొదటి ఏడాది 30,000 రూపాయల జీతంలో 30 శాతం సేవానిధికి, అంటే నాలుగేళ్లు పూర్తయ్యాక ఒకేసారి చేతికిచ్చే నిధికి, పోగా 21,000 మిగులుతుంది. ఇంటికి పంపే మొత్తాన్ని దీన్నిబట్టి నిర్ణయించుకోవాలే గాని, బంధువులు అడిగే అప్పులను బట్టి కాదు. అన్నిటికన్నా కష్టమైనది పెళ్లి మాట: 2022లో ప్రకటించిన నిబంధన ప్రకారం నాలుగేళ్ల తరువాత గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారన్న సంగతిని, ఎదురుచూస్తానన్న అమ్మాయికీ, ఆమె పెద్దలకూ దాచకుండా చెప్పాలి.