తరాల కథ రాయడం – 3వ పాఠం: చెంపదెబ్బ ఎన్నేళ్లు దాగుతుంది?

కిందటి పాఠంలో మూడు తరాల వంశవృక్షం గీయమన్నాను. గీసినవాళ్లు దాన్ని దగ్గర పెట్టుకోండి. గీయనివాళ్లు ఇప్పుడైనా కాగితం తీయండి, చివర్లో దానితో పని ఉంది.

ముందు పేరు సంగతి. ఇలాంటి తరాల కథకు ‘సాగా’ అని పేరు. ఆ మాట అనగానే మన చెవికి ‘సాగదీయడం’ వినిపిస్తుంది. టీవీ ధారావాహికల మధ్య పెరిగినవాళ్లం, తప్పు మనది కాదు. కానీ ఆ రెండింటికీ చుట్టరికం లేదు. సాగా ఐస్‌లాండ్ మాట. పాత నార్స్ భాషలో ‘చెప్పడం’ అనే క్రియకు దగ్గరి బంధువు. మన ‘కథ’ కూడా సంస్కృతంలో చెప్పడమనే ధాతువు నుంచి వచ్చిందే.

9వ శతాబ్దం చివర్లో నార్వే నుంచి జనం ఐస్‌లాండ్‌కు వలస వెళ్లారు. వాళ్ల పెళ్లిళ్లు, భూమి తగాదాలు, న్యాయసభలో వాదాలు నోటి మాటగా నిలిచి, 13వ శతాబ్దంలో దూడ చర్మాల మీదికి ఎక్కాయి. రాసినవాళ్లు చాలావరకు పేర్లు చెప్పుకోలేదు. అప్పటి ఐస్‌లాండ్‌కు సొంత రాజు లేడు, కాబట్టి ఆ కుటుంబగాథల్లో కథంతా రైతు కుటుంబాలదే. అదీ పద్యంలో కాదు, వచనంలో.

వాటిలో న్యాల్ సాగా నుంచి ఒక్క ముక్క చూద్దాం. కరవు రోజులు. గున్నార్ అనే వీరుడికి పొరుగువాడు తిండి అమ్మనంటాడు. గున్నార్ ఇంట్లో లేనప్పుడు భార్య హాల్‌గెర్డ్ ఒక బానిసను పంపి ఆ పొరుగింట్లోనే దొంగతనం చేయిస్తుంది. గున్నార్ తిరిగొచ్చాక భోజనానికి వెన్న, జున్ను వడ్డిస్తారు. ఎక్కడివో తెలిసి గున్నార్ ఆమె చెంప మీద కొడతాడు. ఈ దెబ్బ గుర్తుంచుకుంటానని ఆమె అంటుంది. కథ వేరే దారిన వెళ్లిపోతుంది. మనమూ మర్చిపోతాం.

ఏళ్లు గడుస్తాయి. శత్రువులు ఇంటిని చుట్టుముట్టిన వేళ గున్నార్ వింటినారి తెగిపోతుంది. నారి పేనుకోవడానికి నీ జుట్టులో రెండు పాయలు ఇమ్మని భార్యను అడుగుతాడు. అది ప్రాణాల మీది సంగతని కూడా చెబుతాడు. ఆమె ఆ చెంపదెబ్బను గుర్తు చేస్తుంది. అతడు మళ్లీ అడగడు.

ఇక్కడ రచయిత చేయని పనిని గమనించండి. ఆమె మనసులో ఏముందో ఒక్క మాట రాయలేదు. పగ రగిలిందనలేదు. జున్ను, చెంప, జుట్టు, అంతే. తరాల కథలో చేయి తిరగడమంటే నా దృష్టిలో ఇదే: అప్పు ఒకచోట పుట్టించడం, దాని ఊసెత్తకుండా చాలా పేజీలు నడవడం, వసూలు వేళ కూడా గొంతు పెంచకపోవడం.

ఇది మనకు కొత్తేమీ కాదు. పల్నాటి కథలో కోడిపందెం ఓటమి ఏడేళ్ల వలసగా మారి, చివరికి కారంపూడి రణరంగంలో తేలింది.

సినిమావాళ్లు ‘సాగా’ అనే మాటను ధారాళంగా వాడతారు. రెండో భాగం వస్తే చాలు, అదొక సాగా. అదే నాయకుడు మళ్లీ మళ్లీ గెలిస్తే దాన్ని వరుస సినిమా అంటాను నేను, సాగా అనను. 1974లో వచ్చిన గాడ్‌ఫాదర్ రెండో భాగం వేరు. తండ్రి యవ్వనం, కొడుకు పెత్తనం పక్కపక్కనే నడుస్తాయి. మన బాహుబలి మొదటి భాగం 2015లో వదిలిన ప్రశ్న కూడా కొడుకు గురించి కాదు, తండ్రి చావు గురించి. అందుకే 2017లో కథ వెనక్కి వెళ్లక తప్పలేదు.

ఇక మీ వంశవృక్షం. పాత హైదరాబాదు కుటుంబాలవాళ్లకు 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదతో మొదలుపెట్టాలనిపిస్తుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారన్నది ఈ ఊళ్లో ఎంతో మందికి తెలిసిన కథే. కానీ వరదను వర్ణించకండి. ఆ తర్వాత ఏమైందో చూడండి. వరదలను అదుపు చేయడానికి అదే మూసీ మీద 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట చెరువు, కట్టారు. తాతలను ముంచిన ఏటి నీళ్లనే మనవలు గండిపేట నీళ్లని కొళాయి దగ్గర బిందెలు పెట్టి పట్టుకున్నారు. ఆ బిందె దగ్గర మొదలుపెట్టండి.

అభ్యాసం: తాతల తరంలో జరిగిన ఒక చిన్న పని ఎంచుకోండి. తీర్చని చేబదులు, పిలవని పెళ్లి, ఏదైనా సరే. దాన్ని ఆరు వాక్యాల్లో రాయండి. రెండో పేజీలో ముప్ఫై ఏళ్లు దాటి, దాని ఫలితం రాయండి. కోపం, పగ, బాధ, అవమానం అనే మాటలు రెండు పేజీల్లోనూ వాడకూడదు.

నల్లకుంటలో మా పాత ఇంటి పంపకాల్లో గోడ సరిగ్గా బావి మధ్య నుంచి లేచింది. గిలక మా తాతగారి వైపు పడింది. నా మొదటి చిత్తులో ‘చిన్నతాతగారికి కోపం వచ్చింది’ అని రాసుకున్నాను. కొట్టేసి, ‘మర్నాడు చిన్నతాతగారు కొత్త గిలక కొనుక్కొచ్చారు’ అని రాశాను. రెండో పేజీలో ఆయన పోయిన రోజు వస్తుంది. మా నాన్న ఆ గోడ అవతలికి వెళ్లడానికి వీధంతా చుట్టి వెళ్తాడు, అటు గుమ్మం ఎక్కడుందో తెలియక ఎదురింటివాళ్లను అడుగుతాడు. అక్కడి దాకా రాసి ఆగాను. మీ రెండు పేజీలతో వచ్చే పాఠానికి రండి.